ఒక్క వేలి బేరం

గట్టు ఊరికి పోవడానికి రియాజ్ భాయి ఒప్పుకున్నది కురుమయ్య ముఖం చూసి కాదు, నా ముఖం చూసి. ఆ రోజు జరిగిన నష్టంలో ఎవరి వాటా ఎంతో తేలాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వనపర్తిలో పాత రైసుమిల్లు వెనక ఒక మేడ అద్దెకు తీసుకుని రియాజ్ భాయి మా ఇల్లు నడుపుతున్నాడు. ఆసుపత్రిలో ఒంట్లోంచి మత్తు దిగిన తర్వాత, సొంత ఊరికి పోతే మళ్లీ తాగుతామని తెలిసిన మగవాళ్లు అక్కడ ఉంటారు. అప్పుడు తొమ్మిది మందిమి. పగలు పనులకు పోతాం. వంట వంతులవారీగా చేసుకుంటాం. సాయంత్రం ఆరింటికి తలుపు దగ్గర వరుసగా నిలబడి గొట్టంలోకి ఊదుతాం. అనుమానమొస్తే మూత్రం పరీక్ష. తాగినట్టు తేలితే ఆ సాయంత్రమే సంచి సర్దుకోవాలి. ఆరు దాటి వచ్చినవాడికి తలుపు తీయరు. రియాజ్ భాయి ఒకప్పుడు లారీ డ్రైవరు. ఆయనా తాగి మానినవాడే కాబట్టి మా సాకులన్నీ ఆయనకు ముందే తెలుసు.

నా పేరు వెంకటన్న. పెబ్బేరు సంతలో పాతికేళ్లు ఎడ్ల బేరాలు చేశాను. నోరు తెరిచి పళ్లు చూస్తే ఎద్దు వయసు చెబుతాను. నాలుగడుగులు నడిపిస్తే ఏ కాలి కుంటు దాచారో చెబుతాను. బేరం కుదిరితే కొన్నవాడు కల్లు పోయించాలి, అది మా వాడుక. సంతకు ఆరేడు బేరాలు. కొన్నాళ్లకు సంత లేని రోజుల్లో కూడా సంత రోజంత దాహం వేసేది. ఎద్దుకు ఎన్ని పళ్లు రాలాయో చూసేవాడికి తనకు ఎన్ని రాలాయో తెలియలేదు. ఇంట్లో చేరే నాటికి నాకు పైవరుసలో ముందు పళ్లు లేవు. అప్పటికి పద్నాలుగు నెలలుగా ముట్టలేదు.

కురుమయ్యది గట్టు. విత్తనపత్తి సాగు చేసేవాడు, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగు చేయించాల్సిన సాగు. నలభై ఏళ్లుంటాయి. అతను తాగింది చెట్టు కల్లు కాదు, మందు కల్లు. నీళ్లలో తీపి కలిపి, మత్తుకు నిద్రమాత్రల పొడి వేసి సీసాల్లో పోసి అమ్మేది. అది అలవాటైన మనిషి ఉన్నట్టుండి మానేస్తే మూడో రోజుకు చేతులు వణుకుతాయి, మెడ పక్కకు తిరుగుతుంది, ఫిట్స్ వస్తాయి. కురుమయ్య ఇంటి దగ్గరే మూడుసార్లు మానాడు. మూడుసార్లూ మూడో రోజున పడిపోతే, తల్లే గ్లాసెడు కల్లు పోసి లేపింది. ఆఖరిసారి నాలుక కొసను తనే కొరుక్కున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఒక్క మాటే చెప్పింది: ఇంకోసారి తాగి ఇంకోసారి మానడానికి ఈ మనిషి ఉండకపోవచ్చు.

అతని భార్య అమృతమ్మ కూతురు శ్రీజను తీసుకుని బిజినేపల్లిలో తల్లిగారింట్లో ఉంటోంది. తొంభై రోజులు వరుసగా చుక్క లేకుండా ఉంటే బిజినేపల్లికి రావచ్చు, అక్కడే కలిసి ఉందాం అని మాటిచ్చింది. గట్టుకు మాత్రం తిరిగి పోయేది లేదు, ఇంటి వెనక గోడే కల్లు దుకాణం గోడ.

అతనికి అరవై ఒకటో రోజున తండ్రి పోయాడు. ఆయనా మందు కల్లు తాగేవాడే, కాలు విరిగితే దవాఖానలో చేర్చారు. మంచంలో కల్లు దొరకలేదు. తాగుడు సంగతి ఎవరూ డాక్టరుకు చెప్పలేదు. మూడో రోజున ఫిట్స్ వచ్చి పోయాడు. మట్టి చేసిన రోజున రియాజ్ భాయి తనే వెంట వెళ్లి మూడు గంటల్లో తిరిగి తీసుకొచ్చాడు. దినాలకు మాత్రం ఆయనకు కుదరలేదు. ఇంటి పద్ధతి ప్రకారం తొంభై నిండనివాడు ఊరు దాటితే ఏడాది దాటినవాడొకడు తోడు పోవాలి. ఇద్దరి డబ్బూ తోడు పోయినవాడి దగ్గరే ఉంటుంది. ఏడాది దాటింది నేనొక్కణ్ణే.

"వెంకటన్నా, సమాధి కాడ సాక పోస్తరు. పొయ్యనియ్యి. ఈయన నోట్ల మాత్రం పడొద్దు. ఏమన్న కిరికిరి అయితే నాకు ఫోన్ కొట్టు. నువ్వే తేల్చాలని సూడకు" అన్నాడు రియాజ్ భాయి.

"ఎడ్లను తోలినోణ్ణి భాయి, ఒక్క మనిషిని తోలలేనా?" అన్నాను.

"ఎద్దు అబద్ధం చెప్పదు" అన్నాడాయన.

తెల్లవారి మొదటి బస్సెక్కి తొమ్మిదిన్నరకు గట్టులో దిగాం. వాకిట్లో పెద్ద గిన్నెలో మాంసం ఉడుకుతోంది. దినాల కోసం ఆ ఒక్క పూటకు వచ్చిన అమృతమ్మ చేతులు కడుక్కుని వచ్చి, భర్తను చూడకుండా నన్ను చూసింది.

"అన్నా, డెబ్బై ఒకటి నడుస్తుంది గద?"

"అవునమ్మా."

"సమాధి కాడికి మేము రాము. మగోళ్లే పోతరు. ఆడ ఏం జరిగినా మీ కండ్లతోనే నాకు ఎర్క కావాలె."

"నేనున్న గద చెల్లె" అన్నాను.

సమాధి పత్తి చేను చివర ఉంది. మొత్తం పదిహేను మంది మగవాళ్లం. వండి తెచ్చిన అన్నం, కూర ఆకుల్లో పెట్టారు. కురుమయ్య చిన్నాయన తిమ్మప్ప ఆ వంశానికిప్పుడు పెద్ద. ప్లాస్టిక్ డబ్బా మూత తిప్పి సమాధి చుట్టూ సాకగా కల్లు ధార పోశాడు. ఆ వాసన గాలిలో లేచింది. పద్నాలుగు నెలల తర్వాత నా నోట్లో నీళ్లూరాయి. పక్కకు తిరిగి ఉమ్మేశాను.

తిమ్మప్ప ఆకుదొప్ప నిండా పోసి కురుమయ్య ముందు పట్టాడు. వాళ్లలో పద్ధతి అది. పెద్దకొడుకు నోట కల్లు పడాలి, ఆ తర్వాతే తక్కినవాళ్లు తాగాలి, అప్పుడు మైల తీరినట్టు.

"పట్టు బిడ్డా."

"నేను తాగ చిన్నాయనా. సాక పోసినం గద, సాలు."

"సాలని నువ్వంటే సాలుతదా? పెద్దకొడుకువు. మీ నాయిన చెయ్యి సాపి కూసున్నడీడ."

వెనక నుంచి ఎవరో అన్నారు: "వనపర్తిల పెద్ద సదువు సదువుతుండు. మన కల్లు ఆయన గొంతుల దిగుతదా?"

"సదువు కాదురా, ఆడ గొట్టం ఊదిపిస్తరంట. సన్నాయి నేర్పుతున్నరేమో."

నవ్వారు. కురుమయ్య నవ్వలేదు. అతని తమ్ముడు జగదీశ్ కూడా నవ్వే స్థితిలో లేడు. చెప్పులు చేతిలో పట్టుకుని దగ్గరకొచ్చాడు.

"అన్నా, నీ కాల్మొక్కుత. చేన్ల క్రాసింగు నడుస్తుంది. ముప్పై మంది కూలోళ్లు. మైలోణ్ణని పది దినాలసంది ఒడ్డు మీద నిలవడి అరుస్తున్న, చేన్ల అడుగు పెట్టలె. ఏ పువ్వు కట్టిండ్రో ఏ పువ్వు ఇడిసిండ్రో దేవునికే ఎర్క. ఒక్క గుటక. గుటకేసి ఉమ్మెయ్యి."

"ఉమ్మేస్త అనుకుంటున్నవా?" అన్నాడు కురుమయ్య మెల్లగా. "నాకు ఉమ్మేసుడు రాదురా. గదే నా బీమారి."

తిమ్మప్ప ముఖం గట్టిపడింది. "ఏనప్పా, నీ ఒక్కనికే ఉందా పానం? నువ్వు ముట్టకపోతే ఈ పదిహేను మంది మైలతోనే ఇంటికి పోవాలె. రేపు ఎవరింట్ల పెండ్లైనా మమ్మల్ని గడప తొక్కనిస్తరా? తాగు, లేకుంటే నేను నీ నాయిన తమ్ముణ్ణే కానని చెప్పు."

దొప్ప అతని గడ్డానికి జానెడు దూరంలో ఉంది. ఆకు ఈనె పక్క నుంచి ఒక చుక్క కారి అతని మోకాలి మీద పడింది. కురుమయ్య దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

ఫోను నా జేబులోనే ఉంది. రియాజ్ భాయి చెప్పిన మాట గుర్తుంది. కానీ ఎదురుగా ఒకడు పూర్తి ధర చెప్పి కూర్చున్నాడు, ఇంకొకడు కొననంటున్నాడు, మధ్యలో నేనున్నాను. పాతికేళ్లు నేను నిలబడ్డ చోటు అదే. ఫోను తీసి ఇంకొకరిని అడగడం నాకు చిన్నతనమనిపించింది.

"తిమ్మప్పన్నా, నన్ను గుర్తు పట్టినవా?" అన్నాను.

ఆయన కళ్లు చిన్నవి చేశాడు. "పెబ్బేరు వెంకటన్నవు గాదు? నాకు ఎద్దుల జత అమ్మితివి."

"అమ్మిన. ఇప్పటికి గూడ దున్నుతున్నయా?"

"ఒకటి సచ్చింది. ఒకటి దున్నుతుంది."

"అయితే నా బేరం సగం నమ్మొచ్చు. చెయ్యి ఇటియ్యి."

భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. సంతలో ధర నోటితో చెప్పం. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుంటాం. చుట్టూ ఉన్నవాళ్లకు ముఖాలు కనిపిస్తాయి గాని ధర కనిపించదు. తగ్గినవాడి పరువు తువ్వాలు కిందే ఉండిపోతుంది. తిమ్మప్పకు ఆ భాష వచ్చు. నా అయిదు వేళ్లూ కలిపి పట్టి గట్టిగా నొక్కాడు. నిండు దొప్ప. నేను చేయి విదిలించాను. ఆయన నాలుగు పట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. మూడు. జగదీశ్ చెప్పులు కింద పడేసి మా ముఖాలు మార్చి మార్చి చూస్తున్నాడు. రెండు దగ్గర తిమ్మప్ప ఆగిపోయాడు, ఇక దిగనని. నేను ఆయన చేతిలోంచి నా చేయి సగం లాగాను, లేచి పోతున్నట్టు. ఆయన నా చూపుడు వేలొక్కటి పట్టుకుని ఉంచుకున్నాడు.

"కుదిరింది" అన్నాను. "పెద్దకొడుకు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటడు. నోట పడినట్టే. తక్కినోళ్లు తాగండి."

అందరూ తిమ్మప్ప వైపు చూశారు. ఆయన మీసం తుడుచుకున్నాడు. "పెబ్బేరు బేరగాడు కల్లును గూడ కిందికి దించిండు. కానియ్యి."

కురుమయ్య కదల్లేదు. "వెంకటన్నా, ఇది సరేనా?" అన్నాడు. అరిచి అడగలేదు. నా ఒక్కడికి వినపడేంత.

"వేలి మొనల ఏముంటది? పెట్టుకుని లే" అన్నాను.

అతను వేలు ముంచాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. కొరుక్కున్న చోట మచ్చ తెల్లగా కనిపించింది. కళ్లు మూసుకున్నాడు. పెట్టి తీసేయాల్సిన వేలు నోట్లోనే ఉండిపోయింది. నేను అయిదు లెక్కపెట్టేదాకా ఉంది. అప్పటికే దొప్పలు చేతులు మారుతున్నాయి, జగదీశ్ చేను వైపు పరుగెత్తాడు, ఎవరూ అది చూడలేదు. నేను చూశాను. బేరం బాగా కుదిరిందన్న సంతోషంలో, చూసినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంటి దగ్గర అమృతమ్మ ఆకులు ఎత్తుతూ అడిగింది: "ఏమన్న పట్టిండా అన్నా?"

"ఒక్క గుటక గూడ లేదు" అన్నాను. ఆరోగ్యంగా ఉన్న ఎద్దు అని చెప్పి దాని వయసు చెప్పకపోవడం లాంటి నిజం అది.

గద్వాలకు ఆటోలో బయలుదేరాం. కురుమయ్య నీళ్ల సీసా రెండుసార్లు అడిగి ఖాళీ చేశాడు. పెదవులు తడుపుకుంటూనే ఉన్నాడు.

"అన్నా, మందు కల్లే అది" అన్నాడు చాలాసేపటికి.

"నీకెట్ల తెల్సు?"

"నాలికె మొద్దుబారింది. గిట్లనే మొదలైతది." చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. "డెబ్బై దినాలసంది అది సచ్చిపోయిందనుకున్న. వాసనకు గూడ లేవలే. ఇప్పుడు లేసి కూసుంది. నన్ను పేరు పెట్టి పిలుస్తుంది."

"ఇంటికి పోయి పడుకుంటే పోతది" అన్నాను. నాకు తెలియని సంగతికి తెలిసినవాడిలా ధర కట్టాను.

గద్వాల బస్టాండు చేరేసరికి మూడున్నరయింది. వనపర్తి బస్సు నాలుగు పదికి. నేను బస్సు సంగతి అడగడానికి విచారణ కిటికీ దాకా పోయి వచ్చాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బెంచీ మీద ఖాళీ నీళ్ల సీసా ఉంది. మనిషి లేడు.

వెనకవైపు చూశాను, మరుగుదొడ్లు చూశాను, టీ కొట్టు చూశాను. పేరు పెట్టి పిలవలేదు. కట్టు తెంచుకున్న ఎద్దును పిలిస్తే ఇంకా దూరం పోతుంది. అది ఎటు పోతుందో ముందు ఆలోచించాలి. గద్వాలలో కల్లు దుకాణాలు ఎక్కడెక్కడున్నాయో నేను ఎవరినీ అడగక్కర్లేదు. మూడు నాకు తెలుసు. మూడూ తిరిగేంత వ్యవధి లేదు. ఒకటే ఎంచుకోవాలి. కురుమయ్య జేబులో రూపాయి లేదు, డబ్బు నా దగ్గరుంది. కాబట్టి ముఖం చూసి పోసేవాడి దగ్గరికే పోతాడు. కోటకు పోయే సందులో దుకాణం నడిపేవాడిది గట్టు పక్క ఊరు. అటు నడిచాను. నడిచానని చెబుతున్నాను గాని, యాభై ఆరేళ్ల వయసులో పరుగెత్తాను.

రేకుల కింద నాలుగు వరుసల సిమెంటు బెంచీలు. గచ్చు మీద ఒలికిన కల్లు, దాని మీద ఈగలు. కురుమయ్య గోడ వైపు బెంచీలో ఉన్నాడు. ముందు నిండు సీసా. నురగ అణిగిపోయి అంచున తెల్లటి గీత మిగిలింది. గ్లాసు పొడిగా ఉంది.

ఎదురు బెంచీలో ఒక ముసలాయన నన్ను చూసి అన్నాడు: "నీ మనిషేనా? అప్పటిసంది దాన్నే సూస్తుండు, పెండ్లిసూపులకు వచ్చినట్టు. చేసుకుంటడో లేదో చెప్పడు."

నేను కురుమయ్య పక్కన కూర్చున్నాను. వాసన నా ముక్కులోంచి నేరుగా కడుపులోకి దిగింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి పెట్టాను, అవి వేరే ఎక్కడికీ పోకుండా.

"తాగినవా?"

"లేదు."

"ఊదు."

నా ముఖం మీద ఊదాడు. ఉల్లిపాయ, మాంసం కూర. కల్లు లేదు.

"లేద్దాం పా. బస్సుంది."

అతను లేవలేదు. నా భుజం మీది తువ్వాలు లాగి మా ఇద్దరి మధ్య పరిచాడు. దాని కింద నా చేయి వెతుక్కున్నాడు. నా రెండు వేళ్లు పట్టుకున్నాడు.

"పొద్దుగాల నువ్వు అయిదు నుంచి ఒక్కటికి తెచ్చినవ్ గద. ఇప్పుడు నేనడుగుతున్న. రెండు. అర్ధ గ్లాసు. అంతే. ఆరింటి వరకు వాసన గూడ ఉండదు. నీకు నాకు తప్ప ఎవ్వరికీ ఎర్క కాదు."

నేను వేళ్లు వెనక్కి లాగబోయాను.

"సరే, ఒకటిన్నర" అన్నాడు. రెండో వేలును సగం దాకా వదిలాడు. "ఒక్కటి పొద్దుగాల ఒప్పుకున్నవ్. అర్ధమే గద ఎక్కువ. నువ్వు బేరగానివే అన్నా, మాట్లాడు."

అప్పుడు నాకు నా పని అర్థమైంది. సంతలో ఎద్దును అమ్మను అన్నవాడి దగ్గర ఎవడూ నిలబడడు. ఎంతకిస్తావు అంటే ఒక అంకె చెప్పినవాడి దగ్గరే నిలబడతారు. అంకె ఎంత చిన్నదైనా సరే, ధర చెప్పాడంటే అమ్మకానికి పెట్టినట్టే. డెబ్బై ఒక్క రోజులు కురుమయ్య అమ్మను అని నిలబడ్డాడు. అతని తరఫున నేను వెళ్లి ధర చెప్పి వచ్చాను.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. పొద్దుటి చుక్క ఏ గొట్టంలోనూ, ఏ మూత్రం పరీక్షలోనూ దొరకదు. నేను నోరు మూసుకుని ఇతన్ని బస్సెక్కిస్తే డెబ్బై ఒకటి డెబ్బై రెండవుతుంది. కానీ దొరకకుండా ఎంత తాగొచ్చో అతనికి తెలిసిపోతుంది, తెలిపింది నేనవుతాను. నిజం చెబితే అతని రోజులు సున్నా అవుతాయి. సీసా అతని ముందే ఉంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాణ్ణి ఆ సీసా ముందు కూర్చోబెట్టినట్టవుతుంది. రెండిట్లో ఏదీ మంచి బేరం కాదు.

తువ్వాలు కింద నుంచి నా చేయి లాక్కున్నాను. తువ్వాలు మడిచి పక్కన పెట్టాను. ఫోను తీసి రియాజ్ భాయికి కలిపి, కురుమయ్యకూ వినపడేటట్టు బెంచీ మీద పెట్టాను.

"భాయి, సమాధి కాడ కురుమయ్య వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నడు."

"ఎందుకు పెట్టుకున్నడు?"

"నేను పెట్టుకోమన్న. బేరం చేసి ఒక్క వేలికి ఒప్పించిన."

"నాకు ఫోన్ ఎందుకు కొట్టలే?"

"నేనే తేలుస్త అనుకున్న."

"ఇప్పుడేడున్నరు?"

"గద్వాలల. కల్లు దుకాణంల. ముంగట సీసా ఉంది. ఇంకా ముట్టలే."

"నువ్వు?"

"నేనూ ముట్టలే."

"కురుమయ్యా, ఇంటున్నవా?" అన్నాడు రియాజ్ భాయి. కురుమయ్య సీసా వైపే చూస్తున్నాడు. "ఇంటున్నవని తెల్సు. నీ లెక్క పోయింది. మళ్ల మొదటిసంది. నిన్ను తోలెయ్య, ఎందుకంటే నువ్వు అడిగి పెట్టుకోలే, తోడు పోయినోడు పెట్టించిండు. సీసా ముడితే మాత్రం తోలేస్త. వెంకటన్నా, నువ్వు ఇగ ఎవరికీ తోడు పోయేది లేదు. ఆరింటికి తలుపు కాడ ఇద్దరూ కనవడాలె. ఆరు అంటే ఆరే." ఫోను పెట్టేశాడు.

కురుమయ్య నన్ను చూసిన చూపు ఎద్దును కసాయికి అమ్మినవాణ్ణి చూసే చూపు.

"డెబ్బై ఒక్క దినాలు" అన్నాడు. "ఒక్కొక్క దినం ఎట్ల లాగిన్నో నీకు ఎర్కనేనా? నువ్వు పెట్టుమంటేనే పెట్టుకున్న. సరేనా అని అడిగిన. అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"మరి సున్నా నాకెందుకు వెయ్యాలె?"

"నాకు తెల్వదు."

"సున్నా అయినంక ఇంకేం మిగిలింది? చెప్పు. ఏం మిగిలిందని లేవాలె?" సీసా మెడ పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. శ్రీజ పేరు చెప్పొచ్చు, డాక్టరు మాట చెప్పొచ్చు, ఈసారి నేను రోజూ నీతో ఉంటానని మాటివ్వొచ్చు. అవన్నీ బేరం మాటలే. ఒక్కటి చెబితే అతను ఇంకొకటి అడుగుతాడు. సీసా లాక్కుంటే ఇంకో సీసా తెచ్చుకుంటాడు. లాగే కొద్దీ ఎదురు లాగేది ఎద్దొక్కటే కాదు.

"ఏం మిగల్లే" అన్నాను. "బస్సు నాలుగు పదికి."

లేచి గేటు దగ్గరికి వెళ్లి అతనికి కనపడేటట్టు నిలబడ్డాను. నాలుగు కావడానికి ఏడు నిమిషాలుంది. బస్టాండుకు అయిదు నిమిషాల నడక. వాచీ చూడకూడదనుకుంటూనే చూశాను. అతను సీసా ఎత్తాడు. గ్లాసులో పోయలేదు, నేరుగా నోటి దగ్గరికి తెచ్చాడు. పెదవికి తగలలేదు. అక్కడే ఆపాడు.

ముసలాయనకు ఓపిక అయిపోయింది. "తాగుతవా లేదా బిడ్డా? తాగకుంటే ఇటియ్యి. ఊకె ఎందుకు పాడుచేస్తవ్?" అని చేయి చాపాడు. చాపిన చేయి మణికట్టు దగ్గర నుంచి వణుకుతోంది. ఆయన దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆపుకున్నాడు.

కురుమయ్య ఆ చేతి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. సీసాను ఆయన చేతికివ్వలేదు, కిందనే గచ్చు మీద పెట్టి లేచాడు. నా పక్క నుంచి మాట్లాడకుండా నడిచి వెళ్లాడు. దుకాణం వాడు వెనక నుంచి కేకేస్తే సీసా ధర నేనిచ్చి అతని వెంట పడ్డాను. ముసలాయన అప్పటికే వంగుతున్నాడు.

బస్సు కదులుతుండగా ఎక్కాం. ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా అతను కిటికీలోంచే చూశాడు.

"మా నాయిన చెయ్యి గూడ గట్లనే వణికేది" అన్నాడు. "దవాఖానల రెండో దినం నాకు ఫోన్ చేయించిండు. కొంచెం తెచ్చియ్యి బిడ్డా అని. నేను తేలే. తాగొద్దని చెప్పి పెట్టేసిన. డాక్టరుకు చెప్పాల్నని నాకు తోచలే."

అతని తండ్రి సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పలేదని నాకు తెలుసు. చెప్పగలిగినవాడు కురుమయ్య అని మాత్రం తెలియదు.

కృష్ణ మీద వంతెన దాటాక తన ఫోను నా చేతిలో పెట్టాడు. "అమృతకు చెప్పు. అబద్ధం నువ్వు చెప్పినవ్, నువ్వే చెప్పు."

ఆమె మొదటి గంటకే ఎత్తింది.

"చెల్లె, పొద్దుగాల నేను నీకు చెప్పింది పూరా నిజం కాదు. గుటక తాగలే గాని, వేలి మొనతో నాలిక మీద పెట్టుకున్నడు. పెట్టుమన్నది నేను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత గద్వాలల దుకాణానికి పోయిండు. సీసా ముంగట కూసున్నడు. తాగలే. లేసి వచ్చిండు."

"మీ కండ్లతో సూసిండ్రా? లేకపోతే ఇది గూడ వేలి మొన మాటనేనా?"

"సూసిన. నోటి దాక పోయింది, లోపలికి పోలే."

"రియాజన్న ఏమన్నడు?"

"లెక్క మళ్ల మొదటిసంది అన్నడు."

అప్పుడడిగింది: "మొదటిసంది అంటే ఎప్పటిసంది? ఇయ్యాల కలుస్తదా, రేపటిసందా?"

కురుమయ్య నా వైపు తిరిగాడు. పెదవులతో చప్పుడు లేకుండా ఇయ్యాల, ఇయ్యాల అంటున్నాడు. వాదించడానికి వీలుంది. చుక్క పడింది మధ్యాహ్నం లోపే. ఆ తర్వాత అతను నిలబడిన నిలబాటు తక్కువది కాదు. నేను గట్టిగా మాట్లాడితే ఆమె ఒప్పుకునేదే.

"రేపటిసంది" అన్నాను.

"సరే. తొంభై నిండినంకనే రమ్మనండి. ఒక్క దినం ముందొచ్చినా తలుపు తీయ." అని ఆగి, "ఆయనకు అన్నం పెట్టుండ్రి. పొద్దున సరిగ తినలే" అని పెట్టేసింది.

కురుమయ్య ఫోను తీసుకున్నాడు. "ఒక్క దినం అడిగితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. కోపంగానే అన్నాడు.

పెబ్బేరులో బస్సు ఆగింది. మామూలుకంటే ఎక్కువసేపు ఆగింది. కండక్టరు ఎవరితోనో సామాను గురించి గొడవపడుతున్నాడు. నేను వాచీ వైపు, కురుమయ్య నా వాచీ వైపు చూస్తూ కూర్చున్నాం. వనపర్తి బస్టాండులో దిగేసరికి ఆరుకు పన్నెండు నిమిషాలుంది. అక్కడి నుంచి రైసుమిల్లు దాకా మామూలు నడకకు పదిహేను నిమిషాలు పడుతుంది. ఆటో కోసం నేను ఇటూ అటూ చూస్తున్నాను.

కురుమయ్య అప్పటికే చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుతున్నాడు.